చాట పక్కన పెట్టిన ఊరు

జుహర్ నమాజు ముగిసి వీధులు సద్దుమణిగే వేళ, కోరుట్ల పాతవాడల్లో ఒక సన్నని చప్పుడు వినబడేది. అది కత్తెర చప్పుడు. తడిపి మెత్తబరచిన తునికాకు మీద రేకుముక్కను కొలతగా ఉంచి, దాని అంచు వెంట ఆకును కత్తిరించే చప్పుడు. ఒక ఇంట మొదలైతే వీధి చివరిదాకా అదే వినబడేది. అరుగు మీద నలుగురు, వాకిట్లో వేపచెట్టు నీడన అయిదారుగురు, పరదా పాటించే ఇళ్లలో దర్వాజకు లోపల ఇద్దరు ముగ్గురు. ఒక్కొక్కరి ఒడిలో ఒక్కొక్క చాట. చాటలో ఒక పక్క కత్తిరించిన ఆకు, మరొక పక్క తంబాకు, అంచున దారపుండ. ఇప్పుడు ఆ వీధుల్లో నడిస్తే ఆ చప్పుడు ఎక్కడో ఒకచోట మాత్రమే చెవిన పడుతున్నది. పడిన చోట కూర్చున్నవారి వయసు యాభై దాటి ఉంటున్నది.

ఒక ఊరు ఏ పనితో బ్రతికినదో ఆ పని వెళ్లిపోయిన తరువాత ఆ ఊరు ఏమవుతుంది? ఈ ప్రశ్న పెద్ద పెద్ద నగరాల గురించి మేధావులు వేసుకునే ప్రశ్నగా కనిపించవచ్చు. కానీ కోరుట్లలో ఇది మా వీధి ప్రశ్న, మా ఇంటి ప్రశ్న.

నిజామాబాదు నుంచి జగదల్‌పూర్ వైపు సాగే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఈ పట్టణంలో 2011 జనాభా లెక్కల నాటికి 66,504 మంది నివసిస్తున్నారు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉన్నది. బయటివారిని అడిగితే కోరుట్ల అనగానే 'దుబాయి' అంటారు. రహదారికి ఇరువైపులా లేచిన మేడలు, బంగారం దుకాణాలు, ట్రావెల్ ఏజెంట్ల బోర్డులు చూసినవారికి ఆ మాట తప్పుగా తోచదు. అయితే ఆ మేడల్లో చాలావాటి పునాది తవ్విన నాడు ఆ ఇంట్లో దుబాయి సొమ్ము ఇంకా చేరలేదు. విమానం టిక్కెట్టుకు, ఏజెంటుకు కట్టిన మొదటి వాయిదా ఎక్కడి నుంచి వచ్చిందని ఆ ఇంటి పెద్దామెను అడిగి చూడండి.

చాట మీద నడిచిన సంసారం

బీడీ పని ఎలా జరిగేదో నేటి పిల్లలకు తెలియదు కనుక కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది.

ఎండాకాలం ఆరంభంలో అడవుల్లో తునికాకు సేకరణ జరుగుతుంది. ఆ ఆకు ఎండి, కట్టలుగా మారి, గోదాములకు చేరి, అక్కడి నుంచి కంపెనీ టేకేదారు ద్వారా ఇళ్లకు వస్తుంది. టేకేదారు వెయ్యి బీడీలకు ఇంత ఆకు, ఇంత తంబాకు, ఇంత దారం అని తూచి ఇస్తాడు. స్త్రీ ఆ ఆకును రాత్రి తడిపి గుడ్డలో చుట్టి ఉంచుతుంది. ఉదయం వంట ముగించి, పిల్లలను బడికి పంపి, ఆకు కత్తిరించడానికి కూర్చుంటుంది. కత్తిరించిన ఆకులో చిటికెడు తంబాకు వేసి, వేళ్ల మధ్య చుట్టి, కొన మడిచి, దారం కట్టడం మొత్తం కొన్ని క్షణాల పని. అలా ఇరవై అయిదు చేస్తే ఒక కట్ట. వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. చేయి తిరిగినవారు పొద్దుగూకేలోగా వెయ్యి పూర్తి చేసేవారు. మిగతావారు ఆరేడు వందలతో సరిపెట్టుకొని, రాత్రి దీపం కింద మళ్లీ కూర్చునేవారు.

సాయంత్రం ఆ కట్టలు టేకేదారు దగ్గరికి వెళ్లేవి. అక్కడ ఒక్కొక్క కట్టను వేళ్లతో నొక్కి చూసి, వదులుగా ఉన్నవి, ఆకు చినిగినవి పక్కకు తీసేవారు. తీసేసినవాటికి కూలి లేదు. అవి తిరిగి ఇంటికీ రావు. ఇచ్చిన ఆకు వెయ్యికి చాలకపోతే తక్కువపడినది సొంత డబ్బుతో కొని నింపవలసినదే. పనివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (స) ఆదేశాన్ని శుక్రవారం ఖుత్బాలో విన్న పురుషులు ఎందరో ఉండవచ్చు. ఆ ఆదేశం తమ ఇంటి చాటకు కూడా వర్తిస్తుందని ఆలోచించినవారు తక్కువ.

అయినా ఈ పనిని మా తల్లులు ప్రేమించారనే చెప్పాలి. ఎందుకంటే ఇది గడప దాటకుండా చేయగలిగిన పని. పరదా పాటించే ముస్లిం స్త్రీకి, చంటిబిడ్డ తల్లికి, భర్త పోయిన ఇల్లాలికి, వయసు మళ్లిన అత్తకు ఇంతకంటే చేరువలో మరొక సంపాదన లేదు. కోరుట్లలో బీడీ ఒక కులం పని కాదు, ఒక మతం పని కాదు. పద్మశాలీలు, ముదిరాజులు, గౌడులు, దళితులు, ముస్లింలు అందరి ఇళ్లలోనూ చాట ఉండేది. ఆకు తక్కువపడితే పక్కింటి నుంచి పది ఆకులు అప్పుగా తెచ్చుకొనేవారు. మా అమ్మ ఉర్దూలో మాట మొదలుపెడితే పక్కింటి అక్క తెలుగులో ముగించేది. రంజాన్ నెలలో సహరీకి లేచిన అమ్మ ఆ చీకట్లోనే ఆకు తడిపేది; బతుకమ్మ రోజుల్లో పక్కింటి అక్క పూలకు వెళ్తే ఆమె కట్టలు కూడా మా అమ్మే టేకేదారుకు అప్పగించేది. దీనిని మతసామరస్యం అని ఎవరూ అనలేదు. పని పంచుకోవడమనే అన్నారు.

పెళ్లి సంబంధాల మాటల్లో 'పిల్లకు బీడీలు వచ్చునా?' అన్న ప్రశ్న మామూలుగా వినబడేది. పీఎఫ్ పుస్తకం ఉన్న కోడలు అంటే ఆ ఇంటికి ఒక ధైర్యం. కొన్ని ఇళ్లలో అత్త పేరిట ఉన్న పుస్తకం మీద కోడళ్లు, కూతుళ్లు అందరూ చేసేవారు. నలుగురి శ్రమ, ఒకరి పేరు. ఈ చిన్న విషయం తరువాత ఎంత పెద్ద చిక్కుగా మారినదో ముందు చూద్దాము.

పురుషుల ప్రయాణం

తెలంగాణ పల్లెల బ్రతుకును 'బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి' అని మూడు మాటల్లో చెప్పుకోవడం పెద్దలందరికీ తెలిసినదే. మా ప్రాంతంలో మొదటి రెండూ నిజమయ్యాయి. బొంబాయితో మన సంబంధం చాలా పాతది. అక్కడి కామాటిపుర అన్న పేరే నైజాం ఇలాకా నుంచి వెళ్లి ఇళ్లు, రోడ్లు కట్టిన తెలుగు కామాటీల వల్ల వచ్చినది. 1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు ఊపందుకొన్న తరువాత, బొంబాయి బస్సు ఎక్కినవారిలో చాలామందికి బొంబాయి గమ్యంగా కాక మజిలీగా మారినది.

ఆ ప్రయాణపు కథలు మన పత్రికల్లో చాలా వచ్చాయి. ఆజాద్ వీసా అని నమ్మి వెళ్లినవారు, అకామా గడువు తీరి ఖల్లివల్లిగా మారినవారు, 2013లో సౌదీ నితాఖాత్ అమలు చేసినప్పుడు చేతి సంచితో తిరిగి వచ్చినవారు, 2020లో కరోనా కాలంలో విమానాలు లేక చిక్కుకున్నవారు. వీరి గురించి ఇక్కడ మళ్లీ చెప్పను. చెప్పవలసినది ఒక్కటే. భర్త మూడు నెలలు జీతం పంపలేకపోయినప్పుడు ఆ మూడు నెలలు ఇల్లు ఎలా నడిచింది? చాట నడిపింది. గల్ఫ్ సొమ్ము గోడలు లేపింది. బీడీ కూలి పొయ్యి వెలిగించింది. ఊరి కథ చెప్పేటప్పుడు గోడలు కనిపిస్తాయి, పొయ్యి కనిపించదు.

గేటు ఉన్న ఫ్యాక్టరీ, గేటు లేని ఫ్యాక్టరీ

కోరుట్లకు సమీపాన, మెట్‌పల్లి దాటిన తరువాత మల్లాపూర్ మండలం ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ ఉన్నది. 1937లో బోధన్‌లో నిజాం ప్రభుత్వం స్థాపించిన చక్కెర కర్మాగారపు వంశంలోనిదే ఇది. 2002లో ఈ యూనిట్లు ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లాయి. 2015 డిసెంబరులో బోధన్, మెదక్ యూనిట్లతో పాటు ముత్యంపేటలోనూ లేఆఫ్ ప్రకటించి గేటుకు తాళం వేశారు. ఆ తేదీ ఆ ప్రాంతపు చెరకు రైతుకు, కార్మికునికి కంఠతా వచ్చును. ధర్నాలు జరిగాయి, పాదయాత్రలు జరిగాయి, ఎన్నికల్లో హామీలు వచ్చాయి, తెరిపించే మార్గం చూడడానికి 2024లో ప్రభుత్వ కమిటీ కూడా ఏర్పడినది. తాళం పడిన గేటు ఎదుట నిలబడి నినాదం ఇవ్వవచ్చును. ఫొటో తీయవచ్చును.

బీడీ పరిశ్రమకు గేటు లేదు. కోరుట్లలో అది వేలాది అరుగుల మీద పరచుకొన్న ఫ్యాక్టరీ. దానికి సైరను లేదు, పొగగొట్టం లేదు, హాజరుపట్టీ లేదు. అందుచేత అది మూతపడుతున్నా చప్పుడు లేదు. మొదట నెలకు ఇరవై అయిదు రోజుల పని ఇరవై అయినది, తరువాత పదిహేను, తరువాత పది. 2016 ఏప్రిల్ నుంచి పొగాకు ప్యాకెట్ల మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ తప్పనిసరి అయినది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి బీడీని 28 శాతం పన్ను శ్రేణిలో చేర్చినది. అప్పటికే తాగేవారు సిగరెట్టు వైపు, గుట్కా వైపు మళ్లుతున్నారు. ఒక్కొక్క కారణం దానికదే చిన్నది. అన్నీ కలిసి వీధిలో కత్తెర చప్పుడును అణచివేశాయి. ఇంతమంది పని పోయిందని చెప్పే నోటీసు ఏ గోడ మీదా అంటించలేదు.

ఇక్కడ ఒక నిజాన్ని దాచకూడదు. బీడీ మంచి వస్తువు కాదు. పొగాకు విషయంలో ఉలమాలు ఏమన్నారో మన ఇళ్లలో తెలియనిది కాదు; కొందరు మక్రూహ్ అన్నారు, కొందరు హరామ్ అన్నారు. ఆ బయాన్ మైకులో వింటూనే చాట ముందు కూర్చున్న స్త్రీ మనసు ఎలా ఉండేదో నేను చిన్ననాడు చూశాను. మా వీధి ఖాలా ఒకరు ఏళ్ల తరబడి ఒక దుఆ చేసేవారు: 'యా అల్లాహ్, ఈ పని నుంచి తప్పించు, కానీ దీనికి బదులు ఇంకొకటి చూపించు.' తంబాకు దుమ్ముతో దగ్గు, వంగి కూర్చోవడంతో మెడనొప్పి, నడుమునొప్పి, కంటిచూపు మందగించడం. ఇవి ప్రతి ఇంట్లో ఉన్నవే. కాబట్టి బీడీ తగ్గిపోవడాన్ని గురించి నేను దుఃఖించడం లేదు. దుఆలో మొదటి సగం నెరవేరి, రెండవ సగం మిగిలిపోవడం గురించి చెబుతున్నాను.

సిరిసిల్ల సాంచాల పుట్టినిల్లు

పరిశ్రమ పోయిన ఊరు ఎలా ఉంటుందో మనకంటే ముందు అనుభవించిన ఊళ్లు ఉన్నాయి. వాటిలో ఒకదానికి మన ప్రాంతంతో చుట్టరికం ఉన్నదంటే వింతగా తోచవచ్చు. ఆ చుట్టరికం సిరిసిల్ల నుంచి మొదలవుతుంది.

కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్తే, పట్టణంలోకి అడుగుపెట్టకముందే సాంచాల మోత వినబడుతుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. సేటు నూలు ఇస్తాడు, ఆసామి సాంచాలు పెడతాడు, కార్మికుడు నేస్తాడు, ఇంట్లో స్త్రీలు కండెలు చుడతారు. కండెలు లేని వేళ వారూ బీడీలే చుడతారు. ఒక కాలంలో అప్పులతో, ఆకలితో నేతన్నలు ప్రాణాలు తీసుకున్నప్పుడు పత్రికలు ఆ ఊరిని 'ఉరిసిల్ల' అని రాశాయి. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇవ్వడంతో మళ్లీ మోత పెరిగినది. ఏటా కోటి దాకా చీరలు. 2024లో ఆ పంపిణీ ఆగినప్పుడు సాంచాలు నిలిచాయి. తరువాత మహిళా సంఘాల చీరల ఆర్డరుతో కొన్ని కదిలాయి. ఒక్క ఆర్డరు మీద ఊరి ఊపిరి ఆధారపడడం సిరిసిల్ల బలహీనత. కానీ సిరిసిల్ల బాధ అందరికీ వినబడుతుంది, ఎందుకంటే మోత ఆగితే నిశ్శబ్దమే వార్త అవుతుంది.

ఆ సాంచా పూర్వీకుడు ఎక్కడ పుట్టాడు? ఇంగ్లండు వాయవ్య భాగాన లాంకషైర్‌లోని బ్లాక్‌బర్న్‌లో. 1842లో ఆ పట్టణంలో కెన్‌వర్దీ, బుల్లో అనే ఇద్దరు కలిసి రూపొందించిన మరమగ్గం 'లాంకషైర్ మగ్గం' పేరుతో వంద సంవత్సరాల పాటు ప్రపంచాన్ని నేసింది. మన దేశపు సాదా మరమగ్గాలు ఆ కుటుంబంలోనివే. బ్లాక్‌బర్న్ నేసిన బట్టలో అధిక భాగం వచ్చి చేరినది హిందూదేశపు బజార్లకే. మన చేనేతను దెబ్బతీసిన ఊరు కూడా అదే అని వేరే చెప్పనక్కరలేదు. విదేశీ బట్టల బహిష్కరణ సాగుతున్న రోజుల్లో, 1931 సెప్టెంబరులో, గాంధీజీ ఆ పక్కనే ఉన్న డార్వెన్‌కు వెళ్లి పని కోల్పోయిన మిల్లు కార్మికులతో మాట్లాడారు. నేడు ఆ రెండు పట్టణాలు కలిసి 'బ్లాక్‌బర్న్ విత్ డార్వెన్' అనే ఒకే బరో, అంటే ఒకే పురపాలన ప్రాంతం. ఖాదీకి పేరు పొందిన మెట్‌పల్లి మనకు పక్క ఊరే అని తలచుకుంటే, ఒకే దారపుండకు రెండు కొసలు కనిపిస్తాయి.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత లాంకషైర్ క్రుంగిపోవడం మొదలైనది. మిల్లులు ఒక్కటొక్కటిగా మూతపడ్డాయి. మిగిలినవి 1950లు, 60లలో కొత్త యంత్రాలు తెచ్చి, వాటి ఖర్చు రాబట్టడానికి రాత్రింబవళ్లు నడిపించాయి. ఆ రాత్రి షిఫ్టులకు స్థానికులు దొరకలేదు. అప్పుడు గుజరాత్‌లోని భరూచ్, సూరత్ ప్రాంతాల నుంచి, పాకిస్తాన్ నుంచి ముస్లిం యువకులు వెళ్లారు. ఒకే గదిలో వంతులవారీగా పడుకొని, ఇంటికి డబ్బు పంపి, రెండేళ్లలో తిరిగి వద్దామనుకొని వెళ్లినవారు వారు. మన దుబాయి కథకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. ఒక్క తేడా; అక్కడివారికి కుటుంబాన్ని తెచ్చుకొని స్థిరపడే హక్కు లభించినది. గల్ఫ్ మనవారికి ఆ హక్కు ఇవ్వలేదు.

వారు వెళ్లిన ఇరవై ఏళ్లకే మిల్లులు పోయాయి. మిల్లు నడపడానికి వచ్చినవారు మిగిలారు, మిల్లు మిగలలేదు. అప్పుడు ఆ పట్టణం ఎవరిది అన్న ప్రశ్న లేచినది. తెల్లవారిలో కొందరు మా ఊరు మారిపోయినదన్నారు. ముస్లింలు మేము కూడా ఈ ఊరి మిల్లులోనే నడుము వంచామన్నారు. 2001 వేసవిలో అదే ప్రాంతపు ఓల్డ్‌హమ్, బర్న్‌లీ పట్టణాల్లోనూ, యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లోనూ అల్లర్లు జరిగాయి. విచారణ జరిపిన బృందం ఈ ఊళ్లలో రెండు వర్గాలు ఒకదానికొకటి తగలకుండా సాగే రెండు గీతల వలె బ్రతుకుతున్నాయని తేల్చినది. బడి వేరు, వీధి వేరు, కొలువు వేరు. కలిసి పనిచేసిన మిల్లు పోయిన తరువాత కలిసే చోటు లేకుండా పోయినది. నాకు ఈ సంగతి చదివినప్పుడు మా వీధి అరుగు గుర్తుకు వచ్చినది.

2021 జనాభా లెక్కల్లో బ్లాక్‌బర్న్ విత్ డార్వెన్ జనాభాలో ముస్లింలు 35 శాతం. పాత మిల్లు గోడల మధ్య గోదాములు, దుకాణాలు వచ్చాయి. తాతలు రాత్రి షిఫ్టులో నేసినచోట మనవలు ఫార్మసిస్టులుగా, న్యాయవాదులుగా, టాక్సీ డ్రైవర్లుగా, ఉపాధ్యాయులుగా ఉన్నారు. బాధలు తీరాయని కాదు. ఇంగ్లండులోని పేద ప్రాంతాల జాబితాల్లో ఆ బరో పేరు కనిపిస్తూనే ఉంటుంది. అయితే ఆ ఊరు ఒక పని చేసినది. తన శ్రమను దాచుకొన్నది. మ్యూజియంలో పాత నూలు యంత్రాలు ఉన్నాయి. పట్టణ చిహ్నం మీద నాడెకు చోటు ఇచ్చారు. 'నైపుణ్యంతో, శ్రమతో' అన్న అర్థం గల లాటిన్ నినాదం నేటికీ దాని కింద ఉన్నది. మిల్లు లేకపోయినా, ఇది శ్రమించిన ఊరని పిల్లవానికి గోడ మీద చదవడానికి ఏదో ఒకటి మిగిలినది.

కాగితంలో లేని కార్మికురాలు

కోరుట్లలో అలా చదవడానికి ఏమి ఉన్నది? రాతి కట్టడం ఎలాగూ లేదు. కనీసం కాగితం మీదనైనా ఉండాలి. అక్కడే చిక్కు.

చట్టం బీడీ స్త్రీని కార్మికురాలిగా గుర్తించినది. 1966లో వచ్చిన బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంట్లో కూర్చొని చేసేవారిని కూడా కార్మికులే అన్నది. 1976లో సంక్షేమ నిధి ఏర్పడినది. బీడీల మీద విధించిన సెస్సుతో ఆసుపత్రులు, ఇళ్లు, పిల్లలకు విద్యార్థి వేతనాలు నడిచాయి. మా తరంలో ఆ విద్యార్థి వేతనంతో పుస్తకాలు కొన్నవారు ఎందరో ఉన్నారు. జీఎస్టీ వచ్చిన నాడు ఆ సెస్సు రద్దయినది.

తెలంగాణ ఏర్పడిన తరువాత 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి మొదలైనది. 2019లో అది 2,016 రూపాయలు అయినది. ఇది చిన్న మేలు కాదు. పని దినాలు తగ్గిన ఇళ్లలో బియ్యం, నూనె ఆ డబ్బుతోనే వచ్చాయి. కానీ దానికి 2014 ఫిబ్రవరి నాటికి పీఎఫ్‌లో పేరు ఉండాలన్న నిబంధన పెట్టారు. ఇందాక చెప్పిన అత్త పుస్తకం గుర్తున్నది కదా. ఆ పుస్తకం మీద ఇరవై ఏళ్లు చేసిన కోడలికి తన పేరిట రుజువు ఏదీ లేదు. ఆమె వేళ్ల మీద దారం కోసిన గీతలు ఉన్నాయి. అవి దరఖాస్తుకు జతచేసే పత్రాలు కావు.

పేరు ఉన్నవారికీ సుఖం లేదు. మన ఇళ్లలో ఒకే స్త్రీకి పుట్టింట ఒక పిలుపు, నికాహ్‌నామాలో ఒక పేరు, కంపెనీ లెక్కల పుస్తకంలో 'బీ', ఆధార్‌లో 'బేగం'. హిందూ సోదరీమణులకు పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. పుట్టిన సంవత్సరం అంచనాతో రాసినది. భవిష్యనిధి సొమ్ము తీసుకోవడానికి వెళ్తే ఆ 'బీ', ఈ 'బేగం' ఒకరే అని నిరూపించుకోవలసి వస్తున్నది. రాయించినవాడు చనిపోయి ఉంటాడు, టేకేదారు మారి ఉంటాడు, కంపెనీ ఊరు విడిచి ఉంటుంది. మన జమాఅత్‌లలో చదువుకున్న యువకులు రంజాన్‌లో కిట్లు పంచడంలో చూపే శ్రద్ధలో కొంత ఈ కాగితాలు సరిచేయించడంలో చూపితే, ఎందరో తల్లులు ఎవరి సదఖా మీదా ఆధారపడకుండా తమ సొమ్ము తాము తీసుకోగలుగుతారు. ఇది పండుగ పని కాదు, ఓపిక పని. అందుకే ఎవరూ ముందుకు రావడం లేదేమో.

ఇక కొత్త తరం. వారు చాట పట్టడం లేదు, పట్టవద్దని తల్లులే అంటున్నారు. 'మా మనవరాండ్లకు ఆకు కత్తిరించుడు గూడ రాదు బిడ్డా' అని పక్కింటి పెద్దమ్మ చెప్పినప్పుడు ఆ గొంతులో బాధ కంటే గర్వమే ఎక్కువగా వినబడినది. కొందరు డిగ్రీ చదువుతున్నారు, కొందరు నర్సింగ్ వైపు వెళ్తున్నారు, కొందరు బట్టల దుకాణాల్లో నిలబడి పనిచేస్తున్నారు, ఇంట్లో కుట్టుమిషన్లు పెట్టుకున్నవారు ఉన్నారు. ఊరికి 2008లో పశువైద్య కళాశాల వచ్చినది. పెద్దపల్లి, నిజామాబాదు మధ్య రైలుమార్గం 2017లో పూర్తయి, బస్సు తప్ప మరొకటి ఎరుగని కోరుట్ల స్టేషను చూసినది. చుట్టూ ఉన్న పల్లెల రైతులు పసుపు పేరుతో ఈ ప్రాంతాన్ని దేశానికి చూపించారు. 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు, 2025 జనవరిలో నిజామాబాదులో పసుపు బోర్డు ప్రారంభమైనది. రేపు కోరుట్లను పసుపు ఊరు అంటారేమో, చదువుల ఊరు అంటారేమో. ఏ పేరైనా మంచిదే, పని దొరికితే.

అయితే ఇంటి నుంచి చేయగలిగిన పని ఒకటి ఇంకా కనబడలేదు. డిగ్రీ చదివిన కూతురికి బస్సు ఎక్కి వెళ్లే ఉద్యోగం దొరకవచ్చు. నలభై అయిదేళ్ల తల్లికి, మోకాళ్ల నొప్పితో ఉన్న విధవరాలికి, పరదాలో ఉండదలచిన ఇల్లాలికి చాట పోయిన చోట ఏమి వచ్చినది? కుట్టుమిషన్ శిక్షణ అనే సమాధానం అందరికీ తెలుసు; ఒక వీధిలో నలభై మంది కుట్టడం నేర్చుకుంటే కుట్టించుకొనేవారు ఎవరు? పసుపు, కారం, పచ్చళ్లు శుభ్రం చేసి పొట్లాలు కట్టే పనిని మహిళా సంఘాల ద్వారా మన వాడలకు తేవడం సాధ్యమేనని నా అభిప్రాయం. పంట ఇక్కడిదే, చేతులు ఇక్కడివే. ఆ చేతులు రోజుకు నలభై కట్టలు తప్పు లేకుండా కట్టినవి.

గడచిన నెలలో ఇందాక చెప్పిన దుఆ చేసే ఖాలా నన్ను పిలిపించారు. ఆమె ఇప్పుడు బీడీలు చేయడం లేదు. చాట వంటింట్లో గోడకు ఆనించి ఉన్నది, బియ్యం చెరగడానికి. ఆకు కొలత రేకుముక్కను మాత్రం అల్మారాలో, దుబాయిలో చనిపోయిన భర్త పాస్‌పోర్టుతో పాటు, గుడ్డలో చుట్టి దాచుకొన్నారు. ఎందుకని నేను అడగలేదు. పేరు సవరణకు సంబంధించిన ఫారం నింపి ఇమ్మని ఆమె కోరారు. ఎవరో సగం నింపి వదిలేసిన కాగితం అది. పేరు, భర్త పేరు, చిరునామా సరిగానే ఉన్నాయి. వృత్తి అన్న గడిలో 'గృహిణి' అని రాసి ఉన్నది.

"ఖాలా, ఎన్నేళ్లు చేశారు బీడీలు?" అని అడిగాను.

ఆమె వేళ్ల మీద లెక్క పెట్టుకొన్నారు. పెళ్లికి ముందు ఆరేళ్లు, పెద్దకొడుకు పుట్టిన తరువాత, చిన్నది పుట్టిన తరువాత, ఆయన పోయిన తరువాత. "ముప్పై ఎనిమిది" అన్నారు. తరువాత "రంజాన్‌లు తీసెయ్యకు, అప్పుడు గూడ చేసిన" అన్నారు.

నేను ఆ మాటను కొట్టివేసి, పక్కన 'బీడీ కార్మికురాలు' అని రాశాను. అది చదివి వినిపించి, వేలిముద్ర వేయడానికి కాగితం ఆమె వైపు తిప్పాను.